రేసు నొక్కితే బండి ఎందుకు చచ్చిపోతుంది?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ప్రతి ఏడూ నన్ను సైటు సేఫ్టీ మీద మాట్లాడమంటారు. హెల్మెట్, బెల్టు, స్కాఫోల్డింగు. ఈసారి కార్యదర్శి అన్న "అవన్నీ మాకు తెల్సు గాని, నీ కరోలా కథ చెప్పు తమ్మీ" అన్నారు. బయట పార్కింగులో చూశాను. మనవాళ్ళవి ఒక ఇరవై బండ్లుంటే, పదిహేను పాతవే. కాబట్టి ఈ కథ పనికొస్తుందనే అనుకుంటున్నాను.

మేం గదిలో నలుగురం పైసలు కలిపి 1997 మోడల్ కరోలా కొన్నాం. ఆటోమేటిక్. షార్జాలో గది, దుబాయ్ అవతల సైటు, కంపెనీ బస్సు ఆ దారిన రాదు. ఒక చలికాలం తెల్లారుజామున ఐదింటికి పక్క దారిలోంచి ఎమిరేట్స్ రోడ్డు మీదికి ఎక్కుతున్నాం. ఆ రోడ్డు మీద ట్రైలర్లు ఎట్ల పోతాయో మీకు చెప్పనక్కర్లేదు. రేసు నొక్కాను. బండి ఒక క్షణం చచ్చిపోయింది. నా కాలు పెడలు మీదే ఉంది, ఇంజను మాత్రం నేను కాలు తీసేసినట్టే చేసింది. మళ్ళీ ఒక్క కుదుపుతో ఎగిరింది. వెనక సీట్లో తమ్ముడి చేతిలో టిఫిన్ డబ్బా ముందుకొచ్చి పడ్డది. వెనక ట్రైలరు వాడు హారన్ కొడుతూ పక్క నుంచి దాటేశాడు. దాటేశాడు కాబట్టి ఇవ్వాళ మీ ముందు నిలబడ్డాను.

గ్యారేజీకి తీసుకుపోయాం. పేరెందుకు గాని, మనవాళ్ళంతా పోయేదే. మొదట ప్లగ్గులు, వైర్లు మార్చారు. 220 దిర్హములు. రెండు రోజులు బాగున్నట్టనిపించింది, మళ్ళీ అదే. తర్వాత ఫ్యూయల్ పంపు అన్నారు. 380. మళ్ళీ అదే. మూడోసారి పోతే గేరుబాక్సు పోయింది, 1,800 అవుతుందని కాగితం రాసిచ్చారు. మా నలుగురిలో ఒకతను షట్టరింగ్ కార్పెంటరు. ఆ నెల ఇంటికి పంపాల్సిన పైసలు ఆపి తన వాటా ఇస్తానన్నాడు. అప్పుడు నాకు సిగ్గేసింది. నేను చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా, చేతిలో మీటరుంది. ఒక్కసారైనా బానెట్ ఎత్తి చూడలేదు.

అసలు సంగతేంటంటే, ఇంజన్లోకి గాలి పోయే దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది. మనం రేసు నొక్కితే కేబులు లాగి ఆ తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు ఇరుసు చివర అగ్గిపెట్టెంత నల్ల ప్లాస్టిక్ ముక్క రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. దాన్నే థ్రోటిల్ పొజిషన్ సెన్సరు అంటారు, మెకానిక్కులు టీపీఎస్ అంటారు. తలుపు ఎంత తెరుచుకుందో ఇంజను కంప్యూటరుకు చెప్పడమే దాని పని. ఆ లెక్క చూసుకునే కంప్యూటరు పెట్రోలు ఎక్కువ తక్కువ చేస్తుంది. ఎలక్ట్రానిక్ ఆటోమేటిక్ అయితే గేరు ఎప్పుడు మార్చాలో కూడా దీన్ని చూసే నిర్ణయిస్తుంది.

లోపల ఏముంది? మన ఇళ్ళల్లో పాత రేడియో వాల్యూం గుండీలో ఉన్నదే. నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద జరిగే చిన్న లోహపు వేలు. రేడియో పాతబడ్డాక గుండీ తిప్పితే ఒకచోట గరగరమని, ఒకచోట శబ్దమే పోయి, ఇంకాస్త తిప్పితే మళ్ళీ వచ్చేది గుర్తుందా? ఆ చోట పట్టీ అరిగిపోయినట్టు. ఇక్కడా అంతే. మనం రోజూ ఒకే వేగంలో పోతాం, కాలు పెడలు మీద దాదాపు ఒకేచోట ఉంటుంది. ఆ చోటే పట్టీ అరుగుతుంది. వేలు అరిగిన చోటికి రాగానే సిగ్నలు పడిపోతుంది. డ్రైవరు కాలు తీసేశాడని కంప్యూటరు అనుకుంటుంది, పెట్రోలు తగ్గిస్తుంది. ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తుంది. అదే మాకు ఎమిరేట్స్ రోడ్డు మీద జరిగింది.

ఈ రోగానికి లక్షణాలు ఇంకొన్ని ఉన్నాయి. సిగ్నలు దగ్గర ఆగితే ఐడిలింగు పైకీ కిందికీ ఊగడం, కొన్నిసార్లు ఆగిపోవడం. ఒకే వేగంలో పోతుంటే చిన్న చిన్న జెర్కులు. గేరు అనవసరంగా కిందికీ పైకీ మారడం. గ్యారేజీ వాళ్ళు గేరుబాక్సు అనుకున్నది దీన్ని చూసే. వాళ్ళు మోసమే చేశారని నేననను. కొలవకుండా ఊహించారు, ఊహకు పైసలు మన దగ్గర తీసుకున్నారు.

"చెక్ లైటు వెలగలేదు కదా" అని అందరూ అడుగుతారు. మాదీ వెలగలేదు. ఆ కాలం టొయోటాల్లో బానెట్ కింద చిన్న డబ్బా ఉంటుంది, మూత మీద డయాగ్నోసిస్ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అందులో టీఈ1, ఈ1 అనే రెండు రంధ్రాలను చిన్న వైరుతో కలిపి కీ ఆన్ చేస్తే చెక్ లైటు మిణుకుతుంది. నాలుగుసార్లు వెలిగి, కాస్త ఆగి, ఒకసారి వెలిగితే 41. అంటే ఈ సెన్సరే. కొత్త పద్ధతి స్కానరు పెట్టే బండ్లలో పీ0120 నుంచి పీ0123 దాకా వచ్చే కోడ్లు దీనివే. కానీ గుర్తుంచుకోండి, వైరు తెగినా, షార్టయినా కోడు పడుతుంది. పట్టీ ఒక గోరంత మేర అరిగి, అర సెకను సిగ్నలు పడిపోయి మళ్ళీ లేస్తే, కంప్యూటరు దాన్ని తప్పుగా లెక్కించకపోవచ్చు. లైటు లేదంటే రోగం లేదని కాదు.

ఇక కొలవడం. పాతిక దిర్హముల మల్టీమీటరు చాలు. కనెక్టరు ఊడదీయొద్దు, వెనక నుంచి సన్న గుండుసూది దూర్చి కొలవాలి. వైరు పైతొడుగును సూదితో పొడవొద్దు. షార్జా గాలిలో తేమ, ఉప్పు ఎంతో తెలుసు కదా, ఆ చిల్లులోంచి రాగి పచ్చబడి ఆర్నెల్లకు ఇంకో రోగం పుడుతుంది. సూదులు ఒకదానికొకటి తగలనీయొద్దు. కీ ఆన్, ఇంజను ఆఫ్. రేడియేటరు ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకండి, కీ ఆన్‌లో ఉంటే అది చెప్పకుండా తిరుగుతుంది.

మా బండి సెన్సరుకు నాలుగు వైర్లు. రంగులు నమ్మకండి, మోడలుకో రంగు. వీసీ అనేదానిలో ఎప్పుడూ 5 వోల్టుల దరిదాపు ఉండాలి. ఈ2 అనేది ఎర్తు. వీటీఏ అనేది సిగ్నలు. ఐడీఎల్ అనే నాలుగోది, కాలు పూర్తిగా తీశామా లేదా చెప్పే స్విచ్చు. చాలా కంపెనీల బండ్లకు ఈ స్విచ్చు ఉండదు, మూడే వైర్లు. 5 వోల్టులు రాకపోతే, లేదా ఎర్తు సరిగా లేకపోతే సెన్సరు కొని లాభం లేదు, తప్పు వైరింగులో ఉంది. ముందు కనెక్టరు పిన్నులు చూడండి. ఇక్కడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి లాకు విరిగి, కనెక్టరు వదులుగా ఊగుతున్న బండ్లు చాలా చూశాను. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా మనకు విరామముంది గాని, బానెట్ కింద సామానుకు లేదు కదా.

5 వోల్టులు బాగుంటే మీటరు ఎర్రతీగ సిగ్నలు మీద, నల్లతీగ ఎర్తు మీద పెట్టండి. మా మోడలుకు కాలు తీసినప్పుడు 0.3 నుంచి 0.8 వోల్టులు, పూర్తిగా తొక్కితే 3.2 నుంచి 4.9 వోల్టుల మధ్య ఉండాలి. మూడు వైర్ల బండ్లలో సుమారు అరవోల్టు దగ్గర మొదలై నాలుగున్నర దాకా పోతుంది. సరైన లెక్క మీ మోడలు మాన్యువల్లో చూసుకోండి. అసలు చూడాల్సింది మొదలూ చివరా కాదు, మధ్యలో ఏం జరుగుతుందో అది. ఒకతను సీట్లో కూచుని పెడలు నెమ్మదిగా తొక్కాలి, పది సెకన్లు పట్టేలా. రెండో అతను మీటరు మీంచి కళ్ళు తీయకూడదు. అంకె మెట్టు మెట్టుగా పెరుగుతూ పోవాలి. మా కార్పెంటరు తమ్ముడు తొక్కుతుంటే 0.6, 0.8, 1.0, 1.1, ఉన్నట్టుండి 0.4, మళ్ళీ 1.3. నాలుగుసార్లు తొక్కించాను. నాలుగుసార్లూ 1.1 దగ్గరే పడింది. 1,800 రాసిన గేరుబాక్సు కాగితం అప్పుడు నా జేబులోనే ఉంది.

అంకెల మీటరు కాస్త నిదానంగా మారుతుంది, చిన్న పాటు దాటిపోవచ్చు. ముల్లు మీటరు దొరికితే ఇంకా మంచిది, ముల్లు కొట్టుకోవడం కళ్ళారా కనిపిస్తుంది. తొక్కిస్తూ సెన్సరు మీద స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టి కూడా చూడండి. అయినా అంకె నున్నగా పోతే సెన్సరు బాగుందన్నట్టే, కొనకండి. పగిలిన వాక్యూం గొట్టం, మసి పట్టిన థ్రోటిల్ తలుపు, ఫ్యూయల్ ఫిల్టరు, ఇవి చూడండి. తలుపు మసి స్ప్రేతో తుడిచేటప్పుడు ఆ మందు సెన్సరులోకి పోనివ్వొద్దు.

సామాను కొనేటప్పుడు పాతది విప్పి చేత్తో తీసుకుపోండి, దాని ఒంటి మీద నంబరు ఉంటుంది. కొత్తది కొనగలిగితే కొత్తదే కొనండి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత సామాన్ల దుకాణాల్లో 60 దిర్హములకు దొరికింది నాకు. కానీ అదీ ఎవరిదో అరిగిన బండి నుంచి తీసిందే. మీటరును ఓంల మీద పెట్టి, సిగ్నలుకు ఎర్తుకు మధ్య కొలుస్తూ, ఆ చిన్న కొక్కెం వేలితో తిప్పి చూశాకే పైసలిచ్చాను. మొదటిది పడిపోయింది, రెండోదీ పడిపోయింది, మూడోది తీసుకున్నాను. దుకాణం అతను విసుక్కున్నాడు. విసుక్కోనీ.

మార్చడం అరగంట పని. బండి చల్లారాలి. బ్యాటరీ మైనస్ తీసేయాలి. సెన్సరు ఎక్కడుందో దాని అంచు వెంట సన్నగా గీత గీసుకోవాలి, కొత్తది దాదాపు అక్కడే కూచోవాలి కాబట్టి. కష్టమంతా ఆ రెండు స్క్రూల దగ్గరే. ఏళ్ళ తరబడి కదలనివి. సరిపోయే మొన ఉన్న స్క్రూడ్రైవరు తీసుకుని, తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి, బలంగా లోపలికి నొక్కి తిప్పండి. తల అరిగిపోయిందంటే థ్రోటిల్ బాడీ మొత్తం విప్పాల్సొస్తుంది. తొందరపడి నేనొకటి అరగదీసుకున్నాను, దాంతో అరగంట పని మూడు గంటలైంది.

కొత్తది నేరుగా అతికించి బిగిస్తే కొక్కెం ఇరుసును పట్టుకోదు. కొంచెం పక్కకు తిప్పి పెట్టి, కొక్కెం దొరికాక స్ప్రింగుకు ఎదురుగా తిప్పి సరైన చోటికి తేవాలి. స్క్రూలు సగమే బిగించండి. సెన్సరు రంధ్రాలు పొడుగ్గా ఉన్నాయంటే సర్దుబాటు మన చేతిలో ఉందని. బ్యాటరీ పెట్టి, కీ ఆన్ చేసి, కాలు తీసిన లెక్క వచ్చేదాకా అటూ ఇటూ జరిపి, అప్పుడు బిగించాలి. బిగించేటప్పుడు జరుగుతుంది, కాబట్టి బిగించాక మళ్ళీ కొలవాలి. ఐడీఎల్ స్విచ్చు ఉన్న మోడల్లో అదీ చూడాలి. పెడలు వదిలితే స్విచ్చు కలవాలి, కొద్దిగా తొక్కగానే విడిపోవాలి. ఎంత తొక్కితే విడిపోవాలో మాన్యువల్లో ఫీలరు గేజీ లెక్క ఉంటుంది. తలుపును ఆపే చిన్న స్క్రూను మాత్రం ముట్టుకోవద్దు. అది ఐడిలింగు సర్దే స్క్రూ కాదు.

రేసు కేబులు లేని కొత్త బండ్లకు ఇదంతా వర్తించదు. వాటిలో తలుపును మోటారు తిప్పుతుంది, సెన్సరు లోపలే కలిసి ఉంటుంది. అవి విప్పకండి, స్కానరున్న మంచి మెకానిక్కు దగ్గరికి పోండి. ఇంకోటి, రోడ్డు పక్కనో పబ్లిక్ పార్కింగులోనో బండి విప్పితే మున్సిపాలిటీ వాళ్ళు ఊరుకోరు. ఏదైనా గ్యారేజీలో చోటడిగి చేసుకోండి. మీరే చేయకపోయినా సరే, కొలవడం నేర్చుకోండి. గ్యారేజీ వాడు సామాను పేరు చెబితే, "మీటరు పెట్టి చూపించు అన్నా" అనండి. చూపించేవాడి దగ్గరే పని చేయించండి.

బాగు చేయించేదాకా ఆ బండితో హైవే ఎక్కొద్దు. సైటుకు ఒక రోజు ఆలస్యమైతే నేనైనా, ఇంకో సూపర్‌వైజరైనా సర్దుకుంటాం. నలుగురిని ఎక్కించుకుని ట్రైలర్ల ముందుకు చావని రేసు, చచ్చిన రేసు చూసుకుంటూ పోవడం మంచిది కాదు.

మా కరోలా ఇంకా నడుస్తోంది. భోజనాలయ్యాక బయట దాని బానెట్ ఎత్తి పెడతాను, నా మీటరూ ఉంటుంది. సెన్సరు ఎక్కడుందో, అంకె ఎట్ల చూడాలో కావాల్సినవాళ్ళు వచ్చి చూడండి. ఇంజను చల్లారడానికే పొద్దుటి నుంచి నీడలో ఆపి ఉంచాను.