ద్రవ్యశాసనములు – చర్చకు గొడ్డలిపెట్టు



పఠనమందిరములందు పత్రికల బల్లచుట్టు గూర్చుండువారికి ప్రతి సంవత్సరము మార్చి మాసమున "గిలెటిన్" అను మాట కంటబడుచుండును. ఫ్రెంచి విప్లవకాలమున తలలు నరికిన యంత్రము పేరు మన లోకసభలో నేల వినవచ్చుచున్నదని మమ్ము గొంద రడిగిరి. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటతోనే నేటి ప్రసంగము నారంభించుచున్నాము.

ప్రభుత్వము తన శాఖలకు గావలసిన సొమ్మును గ్రాంటు డిమాండ్ల రూపమున లోకసభ ముందుంచవలెను. అవి సంఖ్యకు సుమారు నూరు. వానిని చర్చించుటకు గొన్ని దినములు కేటాయింతురు. కడపటిదినమున నిర్ణీతమైన వేళ కాగానే, చర్చకు రాని డిమాండ్ల నన్నిటిని స్పీకరు ఒక్కుమ్మడిగా వోటునకు బెట్టును. లోకసభ నియమావళిలో 208వ నియమ మిదియే. సభ సజావుగా సాగిన సంవత్సరములందు సైతము ఏ కొద్ది శాఖలో తప్ప చర్చకు నోచుకొనవు. తక్కినవన్నియు కత్తిక్రింద బడునవే.

ఈ కత్తిని నూరినవారు మనవారు గారు. 1881లో ఐర్లండు జాతీయవాదులు పార్నెలు నాయకత్వమున బ్రిటిషు కామన్సుసభను 41 గంటలు ఎడతెగక నడిపింపగా, స్పీకరు బ్రాండు తన స్వంత బాధ్యతమీద చర్చను ద్రుంచివైచెను. 1896లో బాల్ఫరు ధనమంజూరు చర్చలకు దినములు పరిమితము చేసి, మిగిలినవానిని చర్చలేకయే వోటునకు బెట్టు పద్ధతి నెలకొల్పెను. పరాధీనజాతి ప్రతినిధుల నోరు మూయించుటతో మొదలైన యభ్యాసము స్వతంత్ర భారతమున నిత్యకృత్యమగుట వింతయే. అయినను న్యాయము చెప్పవలెను. గడువే లేని సభ ఏ పనిని జేయజాలదు. మేము గడువును నిందించుట లేదు. అదే కామన్సుసభ 1909లో లాయిడు జార్జి బడ్జెటును సుమారు 70 దినములు చర్చించి, 554 పర్యాయములు వోటు దీసికొనెను. చర్చ జరిగిన పిమ్మట గడువు విధించుట యొకటి, చర్చకు బదులుగా గడువును దెచ్చిపెట్టుట వేరొకటి.

ఈ వోటు మనకు దానముగా వచ్చినది కాదు. 1892 శాసనమువలన మన పెద్దలకు బడ్జెటుపై మాటలాడు హక్కు మాత్రమే చిక్కెను. 1909లో తీర్మానములు ప్రతిపాదించు నవకాశము గలిగినను, అవి ప్రభుత్వమును గట్టివేయునవి కావు. 1919 శాసనము కొన్ని పద్దులపై వోటు నొసగి, సైన్యవ్యయము మొదలగువానిని వెలుపల నుంచి, సభ కాదన్నదానిని గూడ వైస్రాయి ధ్రువీకరించి నెగ్గించుకొను వీలు కల్పించెను. 1923లో ఉప్పుపన్నును మణుగునకు 1 రూపాయి 4 అణాలనుండి 2 రూపాయల 8 అణాలకు బెంచదలచినప్పుడు కేంద్రశాసనసభ ఆ పెంపును త్రోసివేసెను. రీడింగు ప్రభువు తన ధ్రువీకరణముతో దానిని శాసన మొనర్చెను. మరుసటి యేట మోతీలాలు నెహ్రూ నాయకత్వమున స్వరాజ్యపక్షమువారు ఫైనాన్సు బిల్లును బ్రవేశపెట్టుటకే యనుమతి నిరాకరింపజేసిరి. ముందు ప్రజల కష్టములు వినవలెను, పిదప సొమ్మడుగవలెను అనునది వారి వాదము.

ఆ వాదమునకే మన రాజ్యాంగము రూపము గల్పించినది. శాసనాధికారము లేక పన్ను విధింపరాదని 265వ అధికరణము, శాసనానుసారముగా దప్ప సంచితనిధినుండి పైకము దీయరాదని 266వ అధికరణము చెప్పుచున్నవి. డిమాండును దగ్గింపవలెనని సభ్యుడు కోత తీర్మానము నీయవచ్చును. నూరు రూపాయల కోత యన్నచో నవ్వువారు గలరు. ఆ కోత ధనమునకై కాదు. ఒక యూరి వంతెననుగూర్చియో, ఆగిపోయిన ప్రాజెక్టునుగూర్చియో మంత్రిచే బదులు చెప్పించుటకు. ఫైనాన్సు బిల్లుపై చర్చలో స్థానికములైన కష్టములనుగూడ జెప్పుకొనవచ్చునని 219వ నియమము స్పష్టముగా ననుమతించుచున్నది.

ఇక 2018 మార్చి 14వ తేది. సుమారు 24 లక్షల 42 వేల కోట్ల రూపాయల వ్యయముగల బడ్జెటునకు సంబంధించిన డిమాండ్లను, వినియోగ బిల్లును, ఫైనాన్సు బిల్లును లోకసభ ఒక్క శాఖపై నైనను చర్చలేకుండ, గంటసేపైనను బట్టక, కంఠధ్వనివోటుతో నామోదించెను. సమావేశము ముగియుటకు మూడు వారములకు మించి గడువుండెను. ఇంత తొందర యేల యని ప్రతిపక్షములు పెట్టిన మొర సహేతుకమైనది. 2023లో మరల నదే జరిగెను. మార్చి 23న సుమారు 45 లక్షల కోట్ల రూపాయల బడ్జెటు డిమాండ్లు, మరునాడు 64 ప్రభుత్వ సవరణలతో ఫైనాన్సు బిల్లు చర్చలేకయే సాగిపోయినవి.

ప్రభుత్వపక్షమువారి సమాధాన మేమన, సభను సాగనీయనివారే చర్చ లేదని వగచుట తగదని. ఇందు సత్యాంశము లేకపోలేదు. కాని 2023లో ప్రతిపక్షములు అదానీ వ్యవహారముపై విచారణ గోరి కేకలు వేయుచుండగా, రాహులు గాంధీ క్షమాపణ చెప్పవలెనని ప్రభుత్వపక్ష సభ్యులును గేకలు వేసిరి. అల్లరికి బాధ్యు డెవడో తేల్చుట యంత సులభము గాదు. 1993నుండి స్థాయీసంఘములు డిమాండ్లను బరిశీలించుచున్నవి గదా యనునది మరియొక సమాధానము. ఆ సంఘములు తలుపులు మూసికొని కూర్చుండును. కడపటి ఘడియలో వచ్చిపడు సవరణలు వారి కంటబడవు.

ఆ మరుగున నేమేమి దాటిపోవునో యొక్క యుదాహరణము చాలును. భారతీయ జనతాపక్షము, కాంగ్రెసు రెండును విదేశీవిరాళముల చట్టము నుల్లంఘించినవని 2014లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పెను. 2016 ఫైనాన్సు చట్టము "విదేశీ" యను మాట నిర్వచనమును 2010నుండి వర్తించునట్లు మార్చెను. 2018 ఫైనాన్సు బిల్లు ఆ మార్పును 1976 ఆగస్టు 5వ తేదివరకు వెనుకకు జరిపెను! చర్చ లేకపోవుటవలన నష్టపడినది ప్రజలేగాని, ఆ రెండు పక్షములు గావు. ఎన్నికల బాండ్లకు దారి దీసినదియు 2017 ఫైనాన్సు చట్టమే. ఆ యేడు రాజ్యసభ సూచించిన అయిదు సవరణలను లోకసభ మరునాడే త్రోసివేసెను. ఆ బాండ్లు రాజ్యాంగవిరుద్ధములని సుప్రీముకోర్టు తేల్చునప్పటికి 2024 ఫిబ్రవరి 15 వచ్చెను.

ఇచట మన తెలుగువారి మాట చెప్పక తప్పదు. 2018 మార్చిలో సభ మధ్యకు వచ్చి నిలిచినవారిలో మన సభ్యులు ముందుండిరి. తెలుగుదేశమువారు, వై.ఎస్.ఆర్. కాంగ్రెసువారు ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేకహోదా గోరిరి. తెలంగాణ రాష్ట్రసమితివారు రిజర్వేషన్ల మాట యెత్తిరి. కోర్కెలు న్యాయమైనవే. 2014 పునర్విభజన చట్టము చేసిన వాగ్దానములు ధనములేక నెరవేరునవి కావు గదా! కాని పోలవరమునకు సంబంధించిన జలవనరులశాఖ పద్దు, రైల్వే జోనునకు సంబంధించిన రైల్వేశాఖ పద్దు, లోటు భర్తీకి సంబంధించిన ఆర్థికశాఖ పద్దు – మూడును ఆ దినముననే కత్తిక్రిందబడినవి. ఏ పద్దులపై మనవారు గట్టిగా నిలదీయవలసి యుండెనో ఆ పద్దులు మనవారి కేకలలోనే దాటిపోయినవి. వారు మాటలాడినచో ప్రభుత్వము లొంగెడిదని మేము చెప్పము. దానికి సంఖ్యాబల ముండెను. కాని మంత్రి లేచి అంకెలతో బదులు చెప్పవలసివచ్చెడిది, ఆ బదులు సభాకార్యక్రమ గ్రంథమున నిలిచెడిది. రెండు దినములకు తెలుగుదేశము కూటమిని వీడెను. దాని యవిశ్వాసతీర్మానము జూలై 20న గాని చర్చకు రాలేదు. 126 వోట్లకు ఎదురుగా 325 వోట్లతో వీగిపోయెను. అప్పటికి ఆ యేటి పద్దులు మంజూరై నాలుగు మాసములు దాటినవి.

చర్చలేని పద్దును నోటిమాటతోగాక లెక్కింపు వోటుతో నామోదింపవలెనని, ఫైనాన్సు బిల్లు సవరణలను కొన్ని దినములు ముందుగా సభ్యుల కీయవలెనని, పన్నుతో సంబంధములేని చట్టములను దానిలో జొప్పింపరాదని మేము గోరుచున్నాము. వీనికి నియమావళిని సవరించిన జాలును. అంతవరకు మీరు చేయదగిన పని యొకటి యున్నది. మీ లోకసభ సభ్యుడు ఊరికి వచ్చినప్పుడు, ఈ యేటి డిమాండ్లలో ఏ పద్దుపై కోత తీర్మాన మిచ్చెనో, అది చర్చకు వచ్చెనో కత్తిక్రింద బోయెనో, ఆ వేళ తాను సభలో నెచట నుండెనో యడుగుడు.