స్టేషన్ ఇంగ్లీషు మన నోటికి రావాలి

(వాడ రాత్రిబడి వార్షికం రోజున బడి నడిపే బృందం తరఫున చదివిన ప్రసంగ పాఠం)

 

రాత్రిబడిలో ఇంగ్లీషు ఎందుకు, అందులోనూ పోలీసుల ఇంగ్లీషు ఎందుకు అని పోయిన నెలలో ఇదే అరుగు మీద పెద్దలు అడిగారు. "మాకు ఉద్యోగాలిస్తారా, దొరలతో మాట్లాడాలా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాల్సింది మేమే. అందుకే ఇవాళ లేచాం.

మన వాడలో జరిగిందే చెప్తాం. నీళ్ల ట్యాంకు దగ్గర మన పెద్దమ్మ ఒకామె బిందె పెట్టింది. కామందు కొడుకు వచ్చి కులం పేరు పెట్టి తిట్టాడు. బిందె తన్నాడు. ఆమెను నెట్టాడు. చెయ్యి విరిగింది. పదిమంది చూశారు. స్టేషన్‌కు పోయాం. పెద్దమ్మ ఏడుస్తూ అంతా చెప్పింది. రైటర్ రాసుకున్నాడు. "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా" అన్నాడు. వేసింది. ఏం రాశాడో ఆమె అడగలేదు. పక్కన నిలబడ్డ మేమూ అడగలేదు. ఆ తప్పు మాది.

మూడు నెలల తర్వాత ఇంటర్ చదివే పిల్లోడు ఆ కాగితం కూడబలుక్కుని చదివాడు. అందులో 'ఆల్టర్కేషన్' అని ఉంది. అంటే మాటామాటా పెరిగిందట! 'సింపుల్ హర్ట్' అని ఉంది. అంటే చిన్న దెబ్బట! తిట్టిన కులం పేరు లేదు. పదిమంది చూశారన్నది లేదు. ట్యాంకు ఊసే లేదు. పైగా ఆమే అతన్ని నెట్టిందని అవతల ఇంకో కేసు. దానికి 'కౌంటర్' అని పేరు. చెయ్యి విరిగిన మనిషి ముద్దాయి అయి కూర్చుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ రెండు మాటలు మనకు ముందే వచ్చుంటే ఆ వేలిముద్ర పడేదా?

స్టేషన్ భాష ఎప్పుడూ మనది కాదు. నవాబుల కాలంలో అది పార్సీ, ఉర్దూ. ఫిర్యాదు, జామీను, హాజరు, పంచనామా, వకీలు - ఇవన్నీ అట్లా వచ్చినవే. 'ముద్దాయి' సంగతి చూడండి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడ్డవాడయ్యాడు. మాట తలకిందులైంది. మన పెద్దమ్మకు జరిగిందీ అదే. ఫిర్యాదు చెయ్యబోయి ముద్దాయి అయింది. తర్వాత తెల్లవాడు వచ్చాడు, ఇంగ్లీషు వచ్చింది. తెల్లవాడు పోయినా అతని మాటలు స్టేషన్ బీరువాలోనే ఉండిపోయాయి. ఏ భాషలో రాసినా ఆ రాత మన మీదే, మనకు తెలియకుండానే.

అందుకని మన బడిలో మాటల్ని మూడు కట్టలు కట్టాం.

మొదటి కట్ట స్టేషన్ మాటలు.

'ఎఫ్ఐఆర్' అంటే మొదటి సమాచార నివేదిక. ఖాళీ కాగితం మీద పిటిషన్ రాసిచ్చి ఇంటికొస్తే అది ఎఫ్ఐఆర్ కాదు. దానికి నెంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, సెక్షన్లు ఉంటాయి. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పాత 154 సెక్షన్ ఇప్పుడు 173. నెంబరు మారింది గాని మన హక్కు మారలేదు. నోటితో చెప్పినా రాసుకోవాలి. రాసింది చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకం. కాపీ పైసా తీసుకోకుండా ఇవ్వాలి. 'మా పరిధి కాదు' అని తిప్పి పంపకూడదు. ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. దాన్నే 'జీరో ఎఫ్ఐఆర్' అంటారు. ఎస్సై తీసుకోనంటే అదే విషయం కాగితం మీద రాసి ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. అక్కడా కాకుంటే మేజిస్ట్రేటు ఉన్నాడు.

'కాగ్నిజబుల్' అంటే పోలీసులు కోర్టును అడగకుండానే కేసు పెట్టి దర్యాప్తు చెయ్యగల నేరం. అట్లాంటి నేరం చెప్పినప్పుడు ఎఫ్ఐఆర్ కట్టితీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

'సింపుల్', 'గ్రీవియస్' - ఈ రెండూ అక్కాచెల్లెళ్లలా పక్కపక్కనే ఉంటాయి. ఎముక విరిగితే అది గ్రీవియస్, అంటే తీవ్రమైన గాయం. సింపుల్ అని రాస్తే శిక్ష సగానికి సగం కాదు, ఇంకా కిందికి పడిపోతుంది. ఆస్పత్రి వాళ్లిచ్చే గాయం సర్టిఫికెట్‌లో ఏ మాట ఉందో చూసుకోవాలి.

'స్టేట్‌మెంట్' అంటే దర్యాప్తులో సాక్షి చెప్పింది రాసుకోవడం. ఫిర్యాదు మీద సంతకం పెట్టాలి. సాక్షి పోలీసులకిచ్చే స్టేట్‌మెంట్ మీద మాత్రం సంతకం పెట్టించుకోకూడదని చట్టమే చెప్తోంది. మనవాళ్లు తికమకపడేది ఇక్కడే.

'పబ్లిక్ వ్యూ' అంటే జనం చూపు. అట్రాసిటీ చట్టంలో ఈ మాట ప్రాణం లాంటిది. కులం పేరుతో తిట్టింది నలుగురి చూపులో పడేచోట జరిగి ఉండాలి. అందుకే ఎక్కడ తిట్టాడు, ఏ మాట అన్నాడు, ఎవరెవరు విన్నారు - ఈ మూడూ మొదటి కాగితంలోనే పడాలి. తిట్టు నోటికి రాకపోయినా, సిగ్గనిపించినా, ఉన్నదున్నట్టు రాయించాలి. 'బూతులు తిట్టాడు' అని వదిలేస్తే కేసులోంచి కులం జారిపోతుంది.

'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్' అంటే ఫిర్యాదులోని సంగతి పొరపాటని కేసు మూసెయ్యడం. 'లాక్ ఆఫ్ ఎవిడెన్స్' అంటే సాక్ష్యం చాలదని మూసెయ్యడం. ఈ మాటలున్న నోటీసు ఇంటికొస్తే ట్రంకుపెట్టెలో పడెయ్యొద్దు. కోర్టులో 'ప్రొటెస్ట్ పిటిషన్' వెయ్యొచ్చు. ప్రొటెస్ట్ అంటే నిరసన. ఊరేగింపులో చేసేదే కాదు, కోర్టులోనూ చెయ్యొచ్చు.

ఇక 'అట్రాసిటీ'. అత్యాచారం అని తెలుగు చేశారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగవాడ మీద పడి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఇట్లాంటి వాటిని 'క్లాష్' అని, 'గ్రూపుల గొడవ' అని ఎవరు రాసినా చంపినవాడినీ చచ్చినవాడినీ ఒకే తక్కెట్లో పెట్టినట్టే. క్లాష్ అంటే ఘర్షణ. ఎటాక్ అంటే దాడి. ఈ రెండింటికీ ఉన్న తేడా మన పిల్లలకు ఏ బీ సీ డీలతో పాటే రావాలి. చుండూరు జనం కొట్లాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. వీధిలో గెలిచింది కాగితం మీద నిలబెట్టుకోవడం ఎంత కష్టమో అది చూస్తే తెలుస్తుంది.

1989 నాటి అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. చెప్పింది రాసి వినిపించడం, కాపీ ఇవ్వడం, సరైన సెక్షన్లు పెట్టడం, అరవై రోజుల్లో దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వెయ్యడం - ఇవన్నీ అధికారి విధులని 4వ సెక్షన్‌లో రాశారు. కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి, ఆ అధికారి ఎస్సీ ఎస్టీ కాకుంటే, పాలనా విచారణ సిఫారసు మీద ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చెయ్యాలి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఈ చట్టానికి కళ్లెం వేస్తే ఏప్రిల్ 2న దేశమంతా దళితులు బంద్ చేశారు. ఆ ఏడాదే 18-ఏ సెక్షన్ వచ్చింది. ఎఫ్ఐఆర్‌కు ముందు 'ప్రిలిమినరీ ఎంక్వైరీ' అక్కర్లేదని అందులో ఉంది. 'ముందు ఎంక్వైరీ చేస్తాం, వారం తర్వాత రండి' అంటే ఈ నెంబరు చెప్పండి.

రెండో కట్టలో ఉన్నది ఒకటే పెద్ద మాట, 'కమ్యూనిటీ'.

ఎమ్మార్వో ఆఫీసులో మన పిల్లలు కమ్యూనిటీ సర్టిఫికెట్ కోసం నిలబడతారు. అక్కడ ఆ మాటకు అర్థం కులం. పోలీసులు 'కమ్యూనిటీ పోలీసింగ్' అని మీటింగు పెడతారు. అక్కడ అర్థం ప్రజలు. మరి ఆ మీటింగులో కుర్చీల్లో కూర్చునేదెవరు? కామందులు, షావుకార్లు, కాంట్రాక్టర్లు. మనం గోడవారన నిలబడతాం. అందుకే ఆ మాట వినగానే 'ఏ కమ్యూనిటీ?' అని అడగడం నేర్చుకోవాలి.

మనకు పేరు పెట్టే పని ఎప్పుడూ ఇతరులే చేశారు. పంచములన్నారు, హరిజనులన్నారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో మనవాళ్లు పంచమ అనే పేరు తోసేసి ఆది ఆంధ్రులమన్నారు. అంటే మాట మార్చడం కూడా ఉద్యమమేనని మన తాతలకు తెలుసు.

మూడో కట్ట 'రిఫార్మ్', అంటే సంస్కరణ. వినసొంపుగా ఉంటుంది గాని జాగ్రత్తగా పట్టుకోవాలి.

1871లో తెల్లవాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. కొన్ని కులాల్లో పుట్టడమే నేరమైంది. మన ఎరుకల అన్నల్ని స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. రోజూ హాజరు వేయించుకోవాలి. చీటీ లేకుండా కదలకూడదు. దానికి వాళ్లు పెట్టిన పేరు సంస్కరణ! 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా దొంగతనం జరిగిందంటే మొదట తలుపు కొట్టేది ఎవరిదో మీకు మేము చెప్పక్కర్లేదు.

బడి పుస్తకంలో సంఘసంస్కరణ అంటే వీరేశలింగం పంతులు 1881లో చేయించిన వితంతు వివాహం. మంచి పనే, కాదనం. కాని 1936లో బాబాసాహెబ్ లాహోరు సభ కోసం రాసిన ప్రసంగంలో ఒక గీత గీశాడు. కుటుంబాన్ని సంస్కరించడం వేరు, కులాన్ని పోగొట్టి సమాజాన్ని మార్చడం వేరు అన్నాడు. ఆ మాటలు పిలిచినవాళ్లకే మింగుడుపడలేదు. సభే రద్దు చేశారు. ఆయన దాన్ని పుస్తకంగా వేశాడు. 'కులనిర్మూలన' అదే. చదవనివ్వని ప్రసంగాన్ని ఇప్పుడు లోకమంతా చదువుతోంది.

ఇక రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పి ముగిస్తాం.

"తెలుగులోనే రాయమని అడగొచ్చు కదా?" అన్నారు ఒక అన్న. అడగాలి, తప్పకుండా అడగాలి. 1966 నుంచే తెలుగు మనకు అధికార భాష. తెలుగులో చదివి వినిపించమని అడగడం మన హక్కు. అయితే వినిపించింది ఒకటి, రాసింది ఇంకొకటి అయితే? పట్టుకునే కన్ను మనలోనే ఒకరికి ఉండాలి.

"వకీలు ఉన్నాడు కదా?" అన్నారు ఇంకొకరు. వకీలు వచ్చేది కేసు కట్టాక. వేలిముద్ర పడేది అంతకు ముందే. ఆ రాత్రి స్టేషన్‌లో పెద్దమ్మ పక్కన ఉండేది మనమే.

ఆ పెద్దమ్మ కేసు ఏమైందని అడుగుతారు. గాయం సర్టిఫికెట్ జతచేసి ఎస్పీకి రిజిస్టర్ పోస్టు పంపాం. రెండోసారి మేమే రాశాం. తిట్టు, చోటు, చూసినవాళ్ల పేర్లు అన్నీ పెట్టాం. డీఎస్పీ వాడకొచ్చాడు. సెక్షన్లు మారుస్తూ కోర్టుకు మెమో పోయింది. దాన్ని 'ఆల్టరేషన్ మెమో' అంటారు. 'ఆల్టర్కేషన్' అనే మాటతో పోయిన కేసు 'ఆల్టరేషన్' అనే మాటతో మళ్లీ నిలబడింది. ఒక్క అక్షరం తేడా! ఇంకా గెలవలేదు. కేసు కోర్టులో ఉంది. కౌంటర్ కేసు కూడా ఉంది. వాయిదాకు పోయిన రోజు పెద్దమ్మకు కూలి పోతోంది. ఆ రోజుల కూలి వాడంతా చందా వేసి ఇస్తోంది. అయినా ఆమె ఇప్పుడు మన బడిలో ముందు వరసలో కూర్చుంటోంది. పోయిన వారం పలక మీద తన పేరు రాసింది. ఇక వేలిముద్ర వెయ్యనంటోంది.

మీకో పని చెప్తాం. రేపు ఇంటికాడ ట్రంకుపెట్టెలు తియ్యండి. సమన్లు, నోటీసులు, ఎఫ్ఐఆర్ కాపీలు, పట్టా కాగితాలు, ఏవున్నా సరే బడికి తెండి. అవే మన వాచకాలు. రాత్రికి ఐదు మాటలు నేర్చుకుందాం. నేర్చుకున్న మాట పక్కింటికి చెబుదాం. ఎవరు స్టేషన్‌కు పోయినా ఒంటరిగా పోవద్దు. చదవడం వచ్చిన ఒకరు వెంట ఉండాలి. చదవకుండా సంతకం వద్దు, వినకుండా వేలిముద్ర వద్దు!

జై భీమ్!