పిల్లలను చూచుకొనే ఖాలాకు పెట్టుబడి ఎవరిస్తారు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

హైదరాబాదు పాతబస్తీ గల్లీలలో మేము తిరిగినప్పుడు తరచుగా కనిపించిన ఒక ఇంటి గురించి మీతో మాట్లాడదలచాము. ఒకటే గది. ముందు చిన్న వరండా. ఉదయం తొమ్మిది గంటలకే పదిమంది పన్నెండుమంది పసివాళ్లు అక్కడ చేరుతారు. గాజుల కార్ఖానాకు, దర్జీ దుకాణానికి, ఇళ్లలో పనికి వెళ్లే తల్లులు బిడ్డలను దింపి పోతారు. ఆ ఇంటి ఆమెను వీధి అంతా ఖాలా అనే పిలుస్తుంది. ఆమె చేసేది ఏమిటని అడిగితే ఇరుగుపొరుగు వారు ‘సాయం’ అంటారు. ఆమె కూడా అదే అంటుంది. ఈ మాట వల్లనే ఆమెకు ఏ పథకమూ చేరడం లేదని మా అభిప్రాయం.

సాయానికి బ్యాంకు అప్పు ఇవ్వదు. వృత్తికి ఇస్తుంది. అటువంటి ఒక ఖాలాను వెంటబెట్టుకొని మేము ఒక బ్యాంకు శాఖకు వెళ్లాము. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు. “కుట్టు మిషను కొంటారా, కిరాణా పెడతారా?” అని అడిగారు. పిల్లలను చూచుకుంటుందని చెప్పగా, అది వ్యాపారం ఎట్లా అవుతుందని నవ్వారు. 2015లో వచ్చిన ముద్రా పథకం సేవావృత్తులకు కూడా వర్తిస్తుంది. అందులోని ‘శిశు’ విభాగం కింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా అప్పు ఇవ్వవచ్చు. (పేరు శిశు అయినా శిశువులను సాకేవారికి అది దొరకడం లేదు!) అందువల్ల మొదట చేయవలసినది ఉద్యమ్ నమోదు. 2020 జులై నుండి అది ఆన్‌లైన్‌లో ఉచితంగా జరుగుతున్నది. దానికి వందలు వసూలు చేసే మధ్యవర్తులకు ఒక్క పైసా ఇవ్వకండి.

అయితే అప్పు దొరికితే సమస్య తీరుతుందా? లెక్క వేసి చూద్దాము. పన్నెండుమంది పిల్లలు, ఒక్కొక్కరికి నెలకు 700 రూపాయలు అనుకుందాము. రాబడి 8,400. గది అద్దె 3,500. పాలు, అరటిపండ్లు, ఖిచిడీ 2,500. గ్యాసు, కరెంటు, సబ్బు 900. మిగిలేది 1,500. నెలకు ఇరవై ఆరు పనిదినాలు అనుకుంటే రోజుకు అరవై రూపాయలు కూడా ఆమె చేతికి రావు. ఇప్పుడు 50,000 అప్పు తీసుకొని మూడేండ్లలో తీర్చాలంటే అసలు మాత్రమే నెలకు 1,389 రూపాయలు. వడ్డీ ఇంకా కలుపలేదు. ఒక నెల ముగ్గురు పిల్లలు ఊరికి పోతే అద్దెకే అప్పు చేయవలసి వస్తుంది. ఇటువంటి చోట అప్పును అభివృద్ధి అని పిలవడం మాకు సమ్మతం కాదు. ఫీజు పెంచుదామా అంటే, ఆ తల్లి సంపాదనే అంతంతమాత్రం.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2017 జాతీయ క్రెష్ పథకంలో పేద కుటుంబం నుండి నెలకు 20 రూపాయలు మాత్రమే తీసుకోవాలని, 25 మంది పిల్లలకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండాలని రాశారు. అంటే జీతం తల్లుల ఫీజు నుండి రాదని ఒప్పుకున్నట్టే. 2022లో అది మిషన్ శక్తి కింద ‘పాల్నా’ అయింది. అంగన్‌వాడీతో కలిసిన 17,000 క్రెష్‌లు దాని లక్ష్యం. ఆ సొమ్ము రాష్ట్రం ద్వారా నడుస్తుంది. ఖాలా పేరున రాదు. అయినా మనకు ఒక దారి ఉన్నది. 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమంలో మొదటి అంశమే అంగన్‌వాడీలు. మైనారిటీలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు వాటిలో తగిన వాటా ఉండాలని అందులో ఉన్నది. మన మొహల్లాలకు ఎన్ని పాల్నా కేంద్రాలు వచ్చాయి, ఎక్కడ పెట్టారు, అందులో పని ఎవరికి ఇచ్చారు అని జిల్లా శిశు సంక్షేమ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి. ఇన్నేండ్లుగా పిల్లలను సాకుతున్న ఆడవారికే ఆ పని మొదట ఇవ్వాలని కోరాలి.

చట్టం కూడా మన తల్లులను దాటి పోతున్నది. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ నడపాలని చెప్పింది. బీడీ కార్మికుల చట్టం 1966 నాడే క్రెష్ గురించి చెప్పింది. కాని నిజామాబాదులో బీడీ ఇంటి గడపలోనే చుట్టబడుతున్నది. యజమాని కనబడడు, కాంట్రాక్టరు కనబడతాడు. ఆ తల్లికి వీధిలోని ఖాలా తప్ప వేరే క్రెష్ లేదు.

అహమ్మదాబాదులో సేవ సంఘం 1986లో ‘సంగిని’ అనే శిశు సంరక్షణ సహకార సంఘాన్ని నిలబెట్టింది. పిల్లలను చూచేవారే అందులో సభ్యులు. తల్లుల పనివేళలను బట్టి కేంద్రాలు నడుస్తాయి. తల్లులు కొంత ఇస్తారు, మిగతాది ఇతర నిధుల నుండి రావాలి. ఒంటరి ఖాలాకు ప్రభుత్వ తలుపు తెరుచుకోదు. పదిమంది ఖాలాలు సంఘంగా నమోదైతే అడగడానికి ఒక పేరు, ఒక ఖాతా ఉంటాయి.

మైనారిటీ ఆర్థిక సంస్థలకు కూడా మన కోరిక చెప్పాలి. 1994లో జాతీయ సంస్థ ఏర్పడింది. రాష్ట్రాలలో దాని మార్గాలు ఉన్నవి. కుట్టు మిషన్లు పంచుతున్నారు, సంతోషమే. కాని మిషను ముందు కూర్చున్న తల్లి ఒడిలో ఏడాది బిడ్డ ఉంటే ఆ మిషను ఎన్ని గంటలు తిరుగుతుంది? సామానుకు ఒకసారి గ్రాంటు, నడుపుటకు నెలనెలా సహాయం, ఈ రెండూ బాల సంరక్షణ కేంద్రానికి కావాలి.

వడ్డీ వద్దనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నవి. వారి కొరకు మన బైతుల్‌మాల్‌లు చాపలు, ఊయలలు, నీటి ఫిల్టరు కొనుటకు కర్జె హసనా ఇవ్వవచ్చు. జకాత్ ఇందుకు వాడవచ్చునా అన్నది ఉలమాలను అడగవలసిన ప్రశ్న. మేము తీర్పు చెప్పము. కాని అన్నిటికంటె పెద్ద ఖర్చు అద్దె అని పై లెక్కలో చూశారు. వక్ఫ్ స్థలాలలో ఖాళీగా తాళం వేసి ఉన్న గదులు మనకు తెలియనివా? వాటిలో ఒకటి స్వల్ప అద్దెకు దొరికితే ఖాలా రాబడి ఒక్కసారిగా మూడింతలకు చేరుతుంది.

ద్వారం దగ్గర బల్లపై కాగితాలు ఉంచాము. మీ వీధిలో పిల్లలను చూచుకొనే వారి పేరు, పిల్లల సంఖ్య, గది అద్దె, పనివేళలు వాటిపై రాసి ఇవ్వండి. ఫోటో, ఆధార్ నకలు ఇప్పుడు అక్కరలేదు. ఆ వివరాలతోనే జిల్లా కార్యాలయానికి మొదటి వినతిపత్రం తయారు చేస్తాము.