లినక్సు కంప్యూటరు మీద ఆటలు



పులి-మేక ఆట మీలో చాలామంది చిన్నప్పుడు ఆడే ఉంటారు. గుడి మండపం రాళ్ల మీద, పాత ఇళ్ల అరుగుల మీద ఆ గీతలు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. ఆ గీతలు ఎవరివి అని ఎవరూ అడగరు. ఒక ఊళ్లో మూడు పులులతో ఆడతారు, ఇంకో ఊళ్లో నాలుగు పులులు పెడతారు. సెలవులకు వచ్చిన మేనల్లుడు "మా ఊళ్లో ఇలా కాదు" అంటాడు. కాసేపు వాదించుకుని, ఏదో ఒక లెక్కకు ఒప్పుకుని, ఆట మొదలుపెడతారు. మన గంజాం ప్రాంతంలో పెద్దవాళ్లు ఆడే గంజప కూడా అంతే. ఆ గుండ్రటి పేకలు 96 ముక్కలతో ఆడేవాళ్లున్నారు, అంతకంటే ఎక్కువ ముక్కలతో ఆడేవాళ్లూ ఉన్నారు. ఆట అందరిదీ గనుక దాన్ని మార్చుకునే హక్కు కూడా అందరిదీ అన్నమాట.

ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఉన్న ఆటల సంగతి చూడండి. మా బడిలో ఏడో తరగతి చదివే ఒక కుర్రవాడి తండ్రి సూరత్‌లో మరమగ్గాల పనికి వెళ్లాడు. ఇంట్లో తల్లి దగ్గర ఒక ఫోను ఉంది. కుర్రవాడు అందులో ఒక తుపాకుల ఆట ఆడతాడు. ఆ ఆటలో బొమ్మ మనిషికి మంచి చొక్కా తొడగాలంటే డబ్బు కట్టాలి. వాడు కట్టేశాడు. తండ్రి పంపిన డబ్బులో 340 రూపాయలు ఒక లేని చొక్కాకు పోయాయి. తల్లి నా దగ్గరకు వచ్చి, "మేస్టారూ, ఈ గుంటడికి మీరైనా చెప్పండి" అని బాధపడింది. నేను వాడికి చెప్పవలసింది చెప్పాను. కాని తప్పంతా పిల్లవాడిది మాత్రమే అనిపించలేదు నాకు. అడుగడుక్కీ చేయి జేబులోకి పోయేటట్టు ఆ ఆటను పెద్దవాళ్లే అల్లి పెట్టారు. పందెం కాసి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది, మంచిదే. కాని ఈ చొక్కాల బేరం పందెం కిందకు రాదు.

అలాగని ఆటలే వద్దంటే పిల్లలు వింటారా? మనం మాత్రం విన్నామా? అందుచేత ఈ పూట మీకు మరో రకం ఆటల గురించి చెబుతాను. ఇవి ఓపెన్ సోర్స్ ఆటలు. వీటిని ఆడటానికి లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పాత కంప్యూటరు చాలు.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరుకు ఇల్లాలు వంటిది. ఎవరికి ఏ గది, ఎవరికి ఎంత వడ్డన అన్నీ తానే చూస్తుంది. మనకు అలవాటైనది విండోస్. దాని లోపలి రాత, అంటే ప్రోగ్రాము మూలం, కంపెనీ తన దగ్గరే దాచుకుంటుంది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, ఇలా దాచుకోవడం సరికాదు, ప్రోగ్రాము చదవడానికి, మార్చుకోవడానికి, పక్కవాడికి ఇవ్వడానికి అందరికీ స్వేచ్ఛ ఉండాలి అని ఒక ఉద్యమం మొదలుపెట్టాడు. 1991 ఆగస్టులో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న సిస్టమ్ సంగతి లోకానికి తెలియజేశాడు. ఈ రెండూ కలిసి ఇవాళ మనం లినక్సు అని పిలుచుకునేది తయారయింది.

ఇక్కడ ఒక మాట. ఇంగ్లీషులో ఫ్రీ అనే ఒక్క మాటకే ఉచితం అనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు ఉండటం వల్ల వాళ్లు ఈ సంగతి విప్పి చెప్పుకోలేక నానా తంటాలు పడతారు. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమాన్ని నడిపేవాళ్లు తమ సంస్థకు స్వేచ్ఛ అనే పేరే పెట్టుకుని, లినక్సును తెలుగులోకి తెచ్చే పని చేశారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన అనే పేర్లతో తెలుగు అక్షరాలు తయారు చేసి ఇదే స్వేచ్ఛా పద్ధతిలో లోకానికి ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ అనే భారతీయ లినక్సును విడుదల చేసింది. అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. కేరళలో అయితే ప్రభుత్వ బళ్లన్నీ ఏనాడో ఈ దారి పట్టాయి.

ఆటల విషయానికి వస్తే, చాలాకాలం లినక్సుకు చెడ్డపేరే ఉండేది. లెక్కలకు, కాగితాల పనికి బాగుంటుంది గాని ఆటలకు పనికిరాదనేవారు. కారణం భాష. విండోస్ కోసం రాసిన ఆట విండోస్ భాషలోనే మాట్లాడుతుంది, "ఈ బొమ్మ గియ్యి, ఆ చప్పుడు చెయ్యి" అని ఆ భాషలోనే అడుగుతుంది. లినక్సుకు ఆ భాష రాదు. మరి ఏం చెయ్యాలి?

సరిహద్దు జిల్లాలో ఉన్న మనకు దీనికి జవాబు ఎవరూ చెప్పక్కరలేదు. బరంపురం బజారులో కొత్తగా వచ్చిన తెలుగాయన బేరం ఆడాలంటే పక్కన ఒక దుబాసీ నిలబడతాడు. ఈయన తెలుగులో అడుగుతాడు, దుబాసీ ఒడియాలో చెబుతాడు, దుకాణదారు ఇచ్చిన జవాబు మళ్లీ తెలుగులో ఈయనకు చేరుతుంది. సరిగ్గా ఇలాంటి దుబాసీ ప్రోగ్రాము ఒకటి 1993లో మొదలయింది. దాని పేరు వైన్. ద్రాక్షసారాయికీ దీనికీ ఏమీ సంబంధం లేదు సుమండీ! ఆట విండోస్ మాటల్లో అడిగినదాన్ని వైన్ అప్పటికప్పుడు లినక్సు మాటల్లోకి మార్చి చెబుతుంది. మొదటి పూర్తి విడుదలకు, అంటే 1.0 అన్న అంకె వేసుకోవడానికి, ఈ దుబాసీకి 2008 దాకా పట్టింది. పదిహేనేళ్లు! తర్వాత స్టీమ్ అనే ఆటల అంగడి నడిపే వాల్వ్ కంపెనీ వైన్ మీదనే కట్టి, 2018లో ప్రోటాన్ అనే మరింత చురుకైన దుబాసీని ఇచ్చింది. 2022లో చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ అనే యంత్రాన్ని లినక్సుతోనే అమ్మకానికి పెట్టింది. 2025 అక్టోబరు నాటి స్టీమ్ లెక్కల్లో లినక్సు మీద ఆడేవారు 3 శాతం దాటారు. అంకె చిన్నదే. కాని అంతకుముందు ఆ అంగడి ఇంత అంకె ఎప్పుడూ చూడలేదు.

దుబాసీకి పనిచెయ్యని చోట్లు కూడా ఉన్నాయని చెప్పడం న్యాయం. ఫోర్ట్‌నైట్, వాలొరెంట్ వంటి పోటీ ఆటలు లినక్సు మీద ఆడలేరు. మోసాన్ని పట్టే కావలివాడిని కంప్యూటరు లోపలి గదిలో కూర్చోబెట్టాలని ఆ కంపెనీల పట్టు. ఆ ఆటలే కావాలనే పిల్లవాడికి ఈ దారి నచ్చదు. ఫోన్లలో ఉన్న ఆండ్రాయిడ్ అడుగున కూడా లినక్సే ఉందని విని సంబరపడేవారున్నారు. పునాది లినక్సుదే, నిజం. దాని మీద నడిచే మన కుర్రవాడి తుపాకుల ఆట మాత్రం తాళం వేసిన పెట్టే.

మా బడి సంగతి చెబుతాను. కంప్యూటరు గదిలో ఉన్నవి పాతవి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కొత్త విండోస్ ఆ పాత యంత్రాల మీద ఎక్కదు. పారెయ్యడమా, లినక్సు ఎక్కించడమా అన్న ప్రశ్న వచ్చింది. నేను లెక్కల మేస్టారిని, కంప్యూటరు ఇంజనీరును కాను. అయినా ఉత్సాహం కొద్దీ మొదటి యంత్రం మీద చెయ్యి వేశాను. తెర మీద అడిగిన ఒక ప్రశ్న సరిగ్గా చదవకుండా సరే అన్నాను. డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అందులో ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సరపు మార్కులున్నాయి. మూడు సాయంత్రాలు కూర్చుని జవాబు పత్రాలు చూసి మార్కులన్నీ మళ్లీ ఎక్కించాను. హెడ్మాస్టరు గారు ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఇంకా బాధ.

అందుచేత మీరు చెయ్యబోతే ముందుగా కాగితాలన్నీ వేరేచోట దాచుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవులో ఉబుంటు గాని, లినక్స్ మింట్ గాని ఎక్కించి, పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడండి. లోపలి డిస్కును ముట్టుకోకుండా ఎన్నాళ్లయినా ఇలా చూడవచ్చు. నచ్చితేనే లోపల ఎక్కించండి. లినక్స్ మింట్‌కు 4 జీబీ జ్ఞాపకశక్తి ఉన్న యంత్రం సరిపోతుంది. ఆటలను ఆ సిస్టమ్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ కొట్టు నుంచే దించుకోండి, ఎక్కడెక్కడివో తేవద్దు. ఒకసారి దించుకున్నాక నెట్టు లేకపోయినా ఆడవచ్చు. తుపానుకు టవర్లు పడిపోయే మన సముద్రతీరంలో ఇది చిన్న సౌకర్యం కాదు.

చిన్న తరగతులకు టక్స్ పెయింట్ పెట్టాం. 2002లో బిల్ కెండ్రిక్ అనే అమెరికా ఆయన పిల్లల కోసం మొదలుపెట్టిన బొమ్మల పలక అది. తెలుగులోనూ ఒడియాలోనూ కూడా పెట్టుకోవచ్చు. మొదటిరోజు తెర మీద తెలుగు అక్షరాలు చూసి రెండో తరగతి పాప ఒకతె, "కంప్యూటరుకు తెలుగొచ్చా అండీ?" అని అడిగింది. బజారులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు వినే పిల్లకు అది నిజంగానే వింత.

పెద్ద తరగతులకు నేను పెట్టిన ఆట బ్యాటిల్ ఫర్ వెస్‌నోత్. 2003లో మొదలైన యుద్ధపుటాట, మన చదరంగానికి దూరపు చుట్టం. తేనెపట్టు గదుల్లాంటి ఆరు పలకల గళ్లు, ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వెయ్యాలి, తొందర లేదు. చొక్కాలు అమ్మరు. మామూలు మనిషి సైనికుడు బయలు నేల మీద నిలబడితే అతనికి దెబ్బ తగిలే అవకాశం 60 శాతం, ఊరి గడిలో నిలబడితే 40 శాతం. పగలు కొందరి బలం పాతిక శాతం పెరుగుతుంది, రాత్రి కొందరిది. సంభావ్యత పాఠం నల్లబల్ల మీద ఎన్నోసార్లు చెప్పాను. రెండు దెబ్బలూ తప్పిపోయే అవకాశం ఎంత అని పిల్లలు తమంతట తాము లెక్క వెయ్యడం మాత్రం అప్పుడే చూశాను.

మూడుసార్లు ఓడిపోయిన తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఉక్రోషంతో నా దగ్గరకు వచ్చాడు. "మేస్టారూ, ఈ లెక్కలు ఎవరు పెట్టారండి?" అన్నాడు. తాళం వేసిన ఆటలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఇక్కడ ఉంది. ఆట ఉన్న అర తెరిచి, ఆ సైనికుడి వివరం రాసిన కాగితం తెర మీద చూపించాను. మామూలు అక్షరాలే. పేరు, దానికింద ప్రాణం ఎంత, అడుగులెన్ని, వెల ఎంత అని వరుసగా అంకెలు. వాడు కాసేపు చూసి, "మార్చొచ్చా?" అన్నాడు. మార్చమన్నాను. తన సైనికుడి ప్రాణం పదింతలు చేసుకున్నాడు. ఒంటరిగా ఆడితే గెలుపే గెలుపు. రెండోరోజుకు విసుగెత్తి, పక్క కంప్యూటరులో ఉన్న ఒడియా స్నేహితుడిని పోటీకి పిలిచాడు. ఇద్దరి యంత్రాల్లో అంకెలు వేరు గనుక ఆట పొంతన కుదరక మధ్యలో ఆగిపోయింది. స్నేహితుడికి సంగతి తెలిసింది. పెద్ద గొడవ, సగం తెలుగులో, సగం ఒడియాలో. నేను కల్పించుకోలేదు. గంట కొట్టేలోపల ఇద్దరూ కూర్చుని ఒక అంకెకు ఒప్పుకుని, రెండు యంత్రాల్లోనూ అదే వేసుకున్నారు.

ఇప్పుడు ఆ ఇద్దరే మరో పని పెట్టుకున్నారు. ఆటలోని ఇంగ్లీషు మాటలకు తెలుగూ ఒడియా రాసిపెడుతున్నారు. ఇలాంటి ప్రోగ్రాముల్లో మాటలన్నీ ఒక జాబితాగా ఉంటాయి, పైన ఇంగ్లీషు వాక్యం, కింద మన భాషకు ఖాళీ వరుస. హిట్ పాయింట్స్ అన్నదానికి ఏమి రాయాలన్నది తేలలేదు. ఒకడు ప్రాణం అన్నాడు, ఒక పిల్ల ఆయువు అంది. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే పిల్లవాడు సత్తువ అన్నాడు. ఒడియా కుర్రవాడు జీబన అని ముందే రాసేసి కూర్చున్నాడు. మీకు మంచి మాట తోస్తే చెప్పండి, నోటుబుక్కులో ఆ వరుస ఇంకా ఖాళీగానే ఉంది.