మస్తిష్కంలో మాతృభాష

వీధిలో తమిళం, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు! ఇన్ని భాషలకు పసివాని తలలో చోటు చాలునా అన్న సందేహం తిరువొత్తియూరు తల్లిదండ్రులకు కలగడం సహజమే. దానికి సమాధానం మెదడు నిర్మాణంలోనే వెదకాలి.

మనిషి మెదడు సుమారు 1,400 గ్రాముల బరువుంటుంది. అందులో అత్యధిక భాగం మస్తిష్కం, అనగా పెద్దమెదడు. దాని కుడి, ఎడమ అర్ధగోళాలను కోట్లాది నాడీతంతువుల దళసరి పట్టీ కలుపుతుంది. బూడిదరంగు పైపొర మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే. అయితే పెట్టెలో మడతపెట్టిన చీర వలె, గట్లుగా గాడులుగా ముడతలు పడి, ఎంతో విశాలమైన పొర ఇరుకైన కపాలంలో ఇమిడిపోయింది.

1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా ఒక రోగి మెదడును మరణానంతరం పరీక్షించాడు. ఆ రోగి ఇతరుల మాటలు గ్రహించేవాడు. తాను మాత్రం 'టాన్' అన్న శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు. ఎడమ అర్ధగోళంలో, నుదుటి వెనుక దిగువభాగం దెబ్బతిని ఉంది. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే మరొక స్థానాన్ని చూపాడు. ఎడమ చెవికి పైగా, కాస్త వెనుకగా ఉన్న ఆ భాగం చెడితే మాట ధారాళంగానే వస్తుంది, అర్థమే ఉండదు. భాషా వ్యవస్థ ఈ రెండింటికే పరిమితం కాదని నేటి శాస్త్రం చెబుతోంది.

తెలుగుకొక గది, తమిళానికొక గది అక్కడ లేవు. భాషలు చాలావరకు ఒకే ప్రాంతాలను పంచుకుంటాయి. అమ్మమ్మతో తెలుగు, అంగడిలో తమిళం మాట్లాడే బిడ్డ మెదడు అవసరమైన భాషను ఎంచుకొని, రెండవదానిని అదుపులో ఉంచుతుంది. కనుక తెలుగు మాన్పించినంత మాత్రాన ఇంగ్లీషుకు అదనపు స్థలం దొరకదు. తమిళుల నడుమ జీవించిన త్యాగరాజస్వామి ఈ ఊరి త్రిపురసుందరిపై అయిదు కృతులు తెలుగులోనే రచించారు గదా!

ఈ సాధన ఫలమేమిటో హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. మతిక్షీణత సోకిన 648 మందిపై జరిపిన ఆ అధ్యయనం 2013లో వెలువడింది. ఒకే భాష తెలిసినవారి కన్న, రెండు లేదా అంతకు మించి తెలిసినవారిలో వ్యాధి లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించడం విశేషం. అయితే భాషలు వ్యాధిని నివారిస్తాయని దీని అర్థం కాదు. ఇతర దేశాల పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించనూ లేదు.