మీ శనివారములు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు నీ వేదికనుండి పెద్దలు పలుమారు ముచ్చటించియున్నారు. మేము నేడు ధనము నడుగ రాలేదు. మీ శనివారముల నడుగ వచ్చితిమి.

ఉద్యోగరీత్యా మేము అమెరికాలో నివసించుచు, అచ్చటి బాలబాలికల రోబోటు జట్టొకదానికి కొన్నియేండ్లుగా మార్గదర్శిగా నున్నాము. అచ్చట మెంటరందురు, జీతము లేదు. ఈ పోటీలను నడపు 'ఫస్ట్' అను సంస్థను 1989లో డీన్ కేమెన్ స్థాపించెను. 1992లో మాంచెస్టరు పట్టణమున నొక పాఠశాల వ్యాయామశాలలో 28 జట్లతో తొలి పోటీ జరిగెను. ఆయనకు తోడ్పడిన యాచార్యుడు వుడీ ఫ్లవర్స్ 2019లో గతించెను. ఉత్తమ మార్గదర్శులకిచ్చు బహుమానము 1996 నుండి యాయన పేరనే యున్నది.

మా తరగతి పోటీలో యంత్రము ఆరంభమున 18 అంగుళముల ఘనమునం దిముడవలెను. ఆట రెండున్నర నిమిషములే. తొలి 30 సెకనులు యంత్రము, పిల్లలు ముందు వ్రాసిపెట్టిన యాజ్ఞలనుబట్టి తనంత నడచును. పిమ్మట పిల్లలు నడపుదురు. ఐదు నిమిషముల తలంబ్రాలకు నెలనాళ్ల పెండ్లిపనులవంటిది.

మా తప్పిద మొకటి దాచక చెప్పవలెను. రెండవయేట, పోటీ రేపనగా, యంత్రపు చేయి బరువెత్తలేక జారుచుండెను. పిల్లలు ఇండ్లకు బోయిన పిదప మేమే కారుషెడ్డులో అర్ధరాత్రివఱకు కూర్చుండి పండ్లచక్రములు మార్చితిమి. ఉదయమున చేయి చక్కగా లేచెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి, మేమును మురిసితిమి. న్యాయనిర్ణేతల యెదుట పిల్లలే సమాధానము చెప్పవలెను. ఒకరు, "ఈ చక్రమున కింత పెద్దదానిని జతపరచితిరేల?" యని యడిగిరి. పిల్లలు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. పదమూడేండ్ల తెలుగుబాలిక తలవంచుకొని, "అది అంకుల్ చేశారు" అనెను.

తిరిగి వచ్చుచు, చక్రముల లెక్క నీకు తెలియదా యని యామెను అడిగితిమి. "నాకెవరూ చెప్పలేదు అంకుల్, నోట్‌బుక్ పని ఇచ్చారు కదా!" అనెను. అప్పుడుగాని మాకు కన్నులు తెరువబడలేదు. ఏడాది పొడుగున మగపిల్లలు స్క్రూడ్రైవర్లు పట్టుచుండ, దస్తూరి బాగున్నదను నెపమున నాడపిల్లలకు వ్రాతపనియు, రంగుకాగితముల యలంకరణయు నప్పగించుచుంటిమి. అట్లు చేయుడని యెవరును చెప్పలేదు. మన యిండ్ల యలవాటు మనతోపాటు విమానమెక్కినది.

నాటినుండి పనిముట్టు ముట్టరాదని నియమము పెట్టుకొంటిమి. ఇరువదియేండ్లు యంత్రములతో బ్రదికినవానికి, పిల్లవాడు మరను వంకరగా బిగించుచుండ చూచుచు కూర్చుండుట ఏకాదశీ యుపవాసముకన్న కష్టము. మరుసటియేడు చేయి మరల జారెను. ఆ బాలిక తొలి శనివారము మోటారు చెడినదనుకొని మార్చెను, ఫలితము లేదు. రెండవ శనివారము ఇరుసుమీదను చక్రముమీదను సుద్దతో గీత గీసి త్రిప్పిచూచెను. ఇరుసు తిరిగెను, చక్రము తిరుగలేదు. రెంటిని పట్టియుంచు చిన్న మర వదులైనది! మాకది మొదటిదినముననే తోచినది, చెప్పలేదు. కొందఱు తల్లిదండ్రులు, పోటీ పోవునని మాపై గుఱ్ఱుమనిరి. నిజమే, ఆ యేడు ఓడిరి కూడ.

మనదేశమున 2016లో అటల్ ఇన్నోవేషన్ మిషనువారు 6 మొదలు 12 తరగతుల పిల్లలకై టింకరింగ్ లాబుల నారంభించిరి. ఒక్కొక్కదానికి 20 లక్షల రూపాయలవఱకు సహాయము. స్వస్థలమున మేము చూచిన యొకదానిలో త్రీడీ ప్రింటరు ఇంకను పెట్టెలోనే యున్నది. ధనము వచ్చినది, పెట్టె విప్పు మనుష్యుడు రాలేదు.

ఈ సభయందు విద్యుచ్ఛాఖలోను, రైల్వేలోను, ఆర్టీసీ డిపోలలోను పనిచేసి విశ్రాంతి గైకొన్నవారెందఱో కలరు. కంప్యూటరు భాషలు రానక్కఱలేదు. వదులైన మర యెట్లుండునో తెలిసిన చాలును. ప్రధానోపాధ్యాయుని యనుమతితో, ఒంటరిగాగాక ఇరువురు కలిసి, వారమునకు రెండుగంటలు పొండు. ఆ గదికి వచ్చు పిల్లలందఱు మన సంఘమువారే యుండరు. ఉండవలెనని కోరుటయు తగదు. భోజనానంతరము పందిరి తూర్పువైపున మేముందుము. పేర్లు వ్రాసికొనుటకు కాగితము తెచ్చితిమి.