తాళంచెవి దానం

(జాతీయ యువజన దినోత్సవం సందర్భంగా దేవస్థానం ఆస్థాన మండపంలో జరిగిన దాతల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు జనవరి 12. 1863లో స్వామి వివేకానందులు జన్మించిన రోజు. 1985 నుండి దేశమంతా దీనిని జాతీయ యువజన దినోత్సవంగా జరుపుకొంటున్నది. దరిద్రునిలో నారాయణుని చూడమన్న ఆ మహనీయుని స్మరించుకొని, మన గుడి వెనుక మెట్లకు దిగువనున్న కాలనీని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను.

ముందుగా ఒక అపరాధాన్ని ఒప్పుకోవాలి. రెండేళ్ల క్రితం కార్తీకమాసంలో ఒక రాత్రి పవళింపు సేవ ముగించుకొని వెనుక మెట్ల మీదుగా దిగుతున్నాను. గోపుర దీపాల వెలుగు పడే చోట ఆరేడుగురు కుర్రవాళ్లు కూర్చొని ఉన్నారు. వేళ కాని వేళ ఇక్కడేమి పని అనుకొని, కావలివానిని పిలిచి పంపివేయమన్నాను. వాళ్లు మారుమాటాడకుండా లేచి వెళ్లారు. ఒకని పుస్తకం మెట్టు మీద మిగిలిపోయింది. తీసి చూస్తే పోలీసు కానిస్టేబులు పరీక్షకు చదివే గణితం పుస్తకం. స్వామివారి దీపపు వెలుగులో చదువుకుంటున్న పిల్లలను నేను చీకటిలోకి తరిమాను. ముప్పై నాలుగేళ్లు ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాణ్ణి. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మరునాడు పుస్తకం చేతబట్టుకొని ఆ కాలనీకి వెళ్లాను. ఆ ఇళ్లవారు మనకు కొత్తవారు కాదు. స్వామికి మనం సమర్పించే పూలమాలలు తెల్లవారుజామున ఆ అరుగుల మీదే కట్టబడుతున్నాయి. కొబ్బరికాయల బస్తాలు మోసే ముఠా కార్మికులు, యాత్రికులను దింపే ఆటోవారు, ఉత్సవం మరునాడు మాడవీధులు ఊడ్చేవారు అక్కడివారే. పది అడుగుల గదిలో అయిదుగురు నిద్రించే ఇంట్లో రాత్రిపూట దీపం వేసుకొని చదవడం సాధ్యం కాదు. అందుకే ఆ పిల్లలు గుడి మెట్లెక్కారు.

పుస్తకం గల యువకుడు దొరికాడు. పగలు మార్కెట్టులో కూలి, రాత్రి చదువు. నేను క్షమాపణ చెబితే అతడు సిగ్గుపడ్డాడు. "మీకొక మంచి భవనం కట్టించే ప్రయత్నం చేస్తాను నాయనా" అన్నాను. అతడు సందు చివరకు చేయి చూపి, "భవనం ఉందండి మాస్టారూ. దాని తాళంచెవే ఎవరి దగ్గరుందో తెలీదండి" అన్నాడు.

ఆ భవనం నాకు తెలుసు. పన్నెండేళ్ల క్రితం మేము కొందరం చందాలు పోగుచేసి, నగరపాలక సంస్థ స్థలంలో కట్టించిన పఠన మందిరం అది. గోడమీద పాలరాతి ఫలకంలో ఇరవై ఏడు పేర్లున్నాయి. మూడవది నాది. లోపల పుస్తకాలకు చెదలు పట్టాయి. బిల్లు కట్టక విద్యుత్తు తొలగించారు. వసారాలో మేకలు కట్టేసి ఉన్నాయి. మా పేర్లు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అది ఎందుకు పాడుపడింది? కారణాలు మూడు. మొదటిది, కట్టడానికి సొమ్ము చేర్చామే గాని నడపడానికి చేర్చలేదు. రెండవది, ఉదయం పది నుండి సాయంత్రం అయిదు వరకు తెరిచే నియమం పెట్టాము. ఆ వేళలో అక్కడి యువకులు పనిలో ఉంటారు. మూడవది, వారికేమి కావాలో వారిని అడగలేదు. మనమే నిర్ణయించి, మనమే ప్రారంభించి, తాళంచెవి మన జేబులో వేసుకొని వచ్చేశాము.

ఇందుకు భిన్నమైన దారి మన పూర్వులకు తెలియనిది కాదు. మనకు ఎంతో దూరం లేని మందడం దగ్గరి మల్కాపురంలో కాకతి రుద్రమదేవి కాలపు శిలాశాసనం ఉన్నది. 1261 నాటిది. గణపతిదేవుడు మందడాన్ని, రుద్రమదేవి వెలగపూడిని విశ్వేశ్వర శివాచార్యులకు దానమిచ్చారు. ఆయన ఆ రాబడితో ఆలయాన్ని, మఠాన్ని, విద్యాలయాన్ని, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, కులభేదం పాటించని అన్నసత్రాన్ని నడిపించారు. అదీ శిలాఫలకమే, అందులోనూ దాతల పేర్లున్నాయి. అయితే పేర్లతో అది ఆగలేదు. చదువు చెప్పే వారికెంత, వైద్యునికెంత, లెక్కలు వ్రాసే వానికెంత అన్న ఏర్పాటు కూడా అందులో చెక్కి ఉన్నది. అంటే ఆ రాయి దాతల కీర్తితో పాటు సంస్థ నిర్వహణ వ్యయాన్ని కూడా తెలిపే పత్రం. మా పాలరాతి మీద లేనిది అదే.

వేళను గురించి మరొక ఉదాహరణ. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయాన్ని నడిపించారు. చదువరి వచ్చేదాకా పుస్తకం వేచి ఉండలేదు. చదువరి ఉన్న రేవుకు పుస్తకమే వెళ్లింది. మేము తలుపు తెరిచే వేళనైనా మార్చలేకపోయాము.

అందుచేత ఈసారి గీత గీయకముందే వినడం మొదలుపెట్టాము. మూడు నెలలపాటు సాయంత్రాలు ఇంటింటికీ తిరిగాము. మేమనుకున్నది వేరు, వారు చెప్పినది వేరు. వ్యాయామశాల మొదట అడుగుతారనుకున్నాము. వారు మొదట అడిగినది రాత్రి పదింటి దాకా వెలిగే దీపాలు, నిశ్శబ్దంగా ఉండే ఒక గది. తరువాత ఒక కంప్యూటరు, దరఖాస్తులు నింపడం నేర్పే మనిషి. ఒక యువతి నర్సింగు కోర్సు ప్రవేశానికి ధ్రువపత్రం సరిగా జతపరచడం తెలియక ఒక ఏడాది పోగొట్టుకున్నది. ఆ ఇంటికి ఒక ఏడాది అంటే చిన్న విషయం కాదు.

ఆడపిల్లల తల్లులు మరొక మాట చెప్పారు. "క్యారమ్స్ బల్ల ఒక్కటే వేస్తే అది మగపిల్లల అడ్డా అవుతుందండి. మా పిల్లలు గడప తొక్కరు." కనుక వారికి వేరుగా మరుగుదొడ్లు, సందు మొదటి నుండి వీధి దీపాలు, రోజూ సాయంత్రం ఆరు నుండి ఎనిమిది వరకు ఒక మహిళా పర్యవేక్షకురాలు ఉండాలని ప్రణాళికలో చేర్చాము. పాత పఠన మందిరాన్ని బాగుచేసి, పైన ఒక అంతస్తు వేస్తే సరిపోతుంది. కింద శిక్షణ గది, పైన చదువు గది, వెనుక ఖాళీ స్థలంలో కబడ్డీ, వాలీబాలు. వేళలు ఉదయం అయిదు నుండి ఎనిమిది, సాయంత్రం ఆరు నుండి పది.

ఇక ధనం సంగతి. దాతల ముందు లెక్క దాచకూడదు.

మా అంచనా ప్రకారం కట్టడానికి 40 లక్షలు కావాలి. పర్యవేక్షకుల వేతనం, శిక్షకుల పారితోషికం, విద్యుత్తు, నీరు, మరమ్మతులు కలిపి నెలకు 50 వేలు, అంటే ఏడాదికి 6 లక్షలు అవుతాయి. ఈ 6 లక్షలు ఏటేటా చేయి చాచి అడిగితే మూడవ ఏటనే దీపం ఆరిపోతుంది. మన శాశ్వత పూజల పద్ధతి మీకందరికీ తెలిసినదే. మూలధనం బ్యాంకులో ఉంటుంది, వడ్డీతో పూజ జరుగుతుంది. ఇక్కడా అదే మార్గం. ఏడు శాతం వడ్డీ అనుకుంటే 6 లక్షలకు సుమారు 86 లక్షల మూలధనం కావాలి. ధరలు పెరుగుతాయి, వడ్డీ తగ్గవచ్చు. కొంత వడ్డీని తిరిగి మూలంలో కలపాలి. అందుచేత కోటి రూపాయల శాశ్వత నిధిని లక్ష్యంగా పెట్టుకున్నాము. మొత్తం మీద ప్రతి ఏడు రూపాయలలో రెండు గోడలకు, అయిదు నిర్వహణకు.

గోడలకు సొమ్ము దొరికే దారులు వేరే ఉన్నాయి. పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి ఏటా 5 కోట్లు ఉంటుంది. అది మన్నికగల ప్రజోపయోగ నిర్మాణాలకు వర్తిస్తుంది గాని, జీతాలకు, కరెంటు బిల్లులకు వర్తించదు. ప్రార్థనా స్థలాలలో ఆ నిధితో పనులు చేయరాదు. మన స్థలం నగరపాలక సంస్థది కనుక ఆ అడ్డంకి లేదు. దరఖాస్తు చేసుకుంటాము. అలాగే 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్దిష్ట స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. కంప్యూటర్లు, పరికరాలు ఆ దారిలో అడగవచ్చు. అయితే శాశ్వత నిధికి ఇచ్చిన సొమ్మును 2021 నుండి ఆ వ్యయం కింద లెక్కించరు. చూశారా! ఇటుకకు దాతలున్నారు, యంత్రానికి దాతలున్నారు. రోజూ సాయంత్రం తలుపు తెరిచే మనిషికి మాత్రం ఎవరూ లేరు. ఆ లోటు భక్తులు పూరించవలసినది.

అందుకు ఒక సులువైన మార్గం ఆలోచించాము. ఏడాదికి 6 లక్షలంటే రోజుకు సుమారు 1,650 రూపాయలు. 25 వేల రూపాయల శాశ్వత నిధికి ఏడు శాతం చొప్పున ఏడాదికి 1,750 రూపాయల వడ్డీ వస్తుంది. అంటే 25 వేలు ఇచ్చిన దాత పేరిట ఏటా ఒక రోజు ఆ కేంద్రం నడుస్తుంది. మనుమరాలి పుట్టినరోజు గాని, తండ్రిగారి తిథి గాని, మీకు నచ్చిన రోజు ఎంచుకోవచ్చు. 365 రోజులకు 365 మంది దాతలైతే 91 లక్షల 25 వేలు. తక్కిన 8 లక్షల 75 వేలు చిన్న విరాళాలుగా సేకరిస్తాము. పది రూపాయలు ఇచ్చినవారికీ రసీదు ఉంటుంది.

కొందరు దాతలు నన్ను అడిగిన ప్రశ్నలకు ఇక్కడే జవాబు చెబుతాను.

"ఇది ప్రభుత్వం చేయవలసిన పని కదా?" అన్నారు. నిజమే. కనుకనే ప్రభుత్వ నిధి అడుగుతున్నాము. కాని మన మెట్ల మీద కూర్చొని చదివిన పిల్లలు మన గడపకు వచ్చినవారు. గడపకు వచ్చిన అతిథిని పక్కింటికి పొమ్మనడం మన ధర్మం కాదు.

"స్వామి సొమ్ము మళ్లిస్తారా?" అన్నారు. ఒక్క రూపాయి కూడా మళ్లించము. హుండీకి, కైంకర్యాలకు చెందిన ఏ ఖాతాతోనూ దీనికి సంబంధం ఉండదు. ప్రత్యేక ఖాతా, ఏటా ఆడిట్, ప్రతినెలా జమాఖర్చులు ఈ పత్రిక చివరి పుటలో. నగరపాలక సంస్థతో నిర్వహణ ఒప్పందం రాతపూర్వకంగా కుదరనిదే, శాశ్వత నిధిలో సగం చేరనిదే శంకుస్థాపన జరగదు. రెండేళ్లలో సగం చేరకపోతే దాతలను తిరిగి పిలిచి వారి నిర్ణయం అడుగుతాము, కోరినవారి సొమ్ము తిరిగి ఇస్తాము.

"అది పేకాటకు, తగవులకు నిలయమైతే?" అన్నారు. ఆ భయం నాకూ ఉన్నది. యజమాని లేని చోటే పేకాట సాగుతుంది. ఏడుగురు సభ్యుల సంఘంలో నలుగురు కాలనీవారే ఉంటారు. ఆ నలుగురిలో ఇద్దరు స్త్రీలు. తాళంచెవి నెలకొకరి వంతున అక్కడి యువతీయువకుల వద్దనే ఉంటుంది. తమది అనుకున్న దానిని పాడుచేసుకునేవారు తక్కువ. పొరపాట్లు జరగవని నేను హామీ ఇవ్వలేను. జరిగినప్పుడు మళ్లీ తాళం వేసుకొని వచ్చేయబోమని మాత్రం మాట ఇవ్వగలను.

"మరి శిలాఫలకం?" అని ఒక మిత్రుడు మొహమాటంగా అడిగారు. పేరు నిలవాలనుకోవడం తప్పు కాదు. ఈసారి పాలరాయి బదులు చదువు గది ద్వారం పక్కన ఒక నల్లబల్ల ఉంటుంది. ఆ రోజు దాత ఎవరో ఆ సాయంత్రం తలుపు తెరిచిన పిల్ల గాని, పిల్లవాడు గాని సుద్దముక్కతో వ్రాస్తారు. మరునాడు అది చెరిపి మరొక పేరు వ్రాస్తారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ మీ పేరు వస్తుంది. అప్పుడు అది వ్రాసిన చేయి వేరొకరిది కావచ్చు. పాతవారు ఉద్యోగానికి వెళ్లి ఉంటారని ఆశిద్దాము.

భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ దానాన్ని మూడు విధాలుగా విభజించి, దేశకాలపాత్రాలు ఎరిగి, ప్రతిఫలం కోరక, ఇవ్వవలసినదన్న భావంతో ఇచ్చేది సాత్త్వికమన్నాడు. దేశం మన మెట్ల కింద ఉన్నది. కాలం సాయంత్రం ఆరు గంటలు. పాత్రులు పుస్తకం పట్టుకొని దీపం వెతుక్కుంటున్నవారు. పన్నెండేళ్ల క్రితం మేము దేశం ఒక్కటే చూశాము, కాలాన్ని, పాత్రుని చూడలేదు.

ఆ గణితం పుస్తకం ఇచ్చిన యువకుడు ఈ సభలో వెనుక వరుసలో ఉన్నాడు. పరీక్ష ఒకసారి తప్పాడు, మళ్లీ చదువుతున్నాడు. ప్రస్తుతం గోపుర దీపం కిందనే. ధర్మకర్తల మండలివారు దయతో ఆ మెట్ల మీద మరొక దీపం వేయించారు. కావలివారు ఇప్పుడు ఎవరినీ లేపరు. ఈ ఏర్పాటు వర్షాకాలం వచ్చేదాకా పనికొస్తుంది. ఆ లోపు మన వంతు మనం చేయాలి.

పాత పఠన మందిరం తాళాన్ని మొన్న పగులగొట్టించి, కొత్త తాళం వేయించాము. దాని చెవి ఇదిగో. నా జేబులో ఉండవలసినది కాదు. మీ అందరి సమక్షంలో దీనిని ఆ యువకునికి అప్పగిస్తున్నాను. గదిలో విద్యుత్తు లేదు, పుస్తకాలు లేవు. అయినా ఆరంభం ఇదే. తక్కినది స్వామి సంకల్పం, మీ సౌజన్యం.

స్వస్తి.